జేజి మొక్కిన రోలు

"అవ్వా, పెరట్లో ఆ రోలుకు శుక్రవారమైతే బొట్టు పెడతావ్. మళ్లా దాంట్లోనే పచ్చడి నూరతావ్. అదేందవ్వా?"

అదా. అది పెద్ద కత పిల్లా. కూసో. ఆ సెనక్కాయల సాట ఇట్ల జరుపు, ఒలుసుకుంటా సెప్తా. నువ్వు గూడా ఒలుసు. తింటే తిను గానీ, అన్నీ నోట్లోకే పంపాకు, మాపటికి ఊరిబిండి నూరల్ల.

నేను పెండ్లై ఈ ఇంటికొచ్చింది కర్నూలు ఇంగా రాజధానిగా ఉన్న్యప్పుడు. మాది నంద్యాల గదా. మా నాయన ఎద్దుల బ్యారం సేసేటోడు. ఎద్దు నోరు తెరిపించి పండ్లు సూసినాడంటే దాని వయసు సెప్పేటోడు, దాని గుణం సెప్పేటోడు, దాన్ని అమ్మేటోని గుణం గూడా సెప్పేటోడు. ఆళ్లగడ్డ పక్కన పల్లెలో సంబంధం ఉండాదనంగానే బండి కట్టుకోని వచ్చి అన్నీ సూసుకున్న్యాడు. ఎద్దుల్ని సూసె, గొడ్లసావిడి సూసె, జొన్నల గాదె సూసె, పెండ్లికొడుకు మీ అబ్బను సూసె. మీ అబ్బ పండ్లు గూడా సూసినాడేమో, నాకు తెల్దు. అప్పుడు బాగుండె పండ్లు, మల్లెమొగ్గల మాదిరి. యాడ ఉంటి నేను? ఆ, రోలు. అన్నీ సూసిన మనిషి ఇంట్లో రోలు మాత్రం సూడ్లా. సూసినా ఏం లాభంలే, అప్పుడు బాగానే ఉండె అది.

దాన్ని పగలగొట్టింది మీ అబ్బే. నగాకు, నిజంగానే. నేను వచ్చిన కొత్త. ఇంట్లో అందరూ సేనికి పోయిండారు. నేను రోటికాడ కూసోని రెండు సేతులా గుండు తిప్పుతా పప్పు రుబ్బుతాండా. మీ అబ్బ ఏదో మర్సిపోయినట్ల మళ్లా ఇంటికొచ్చె. వచ్చి, ఇంత గుండుకు రెండు సేతులా, సూడు అని, రోట్లో గుండును ఒంటిసేత్తో పైకెత్తె. నేను సూస్తాండానని ఇంగొంచెం పైకెత్తె. గుండుకంతా పిండి, జారె. జారి రోట్లోనే పడె. రోలు రెండు సెక్కలు. కాలి మీద పడలా, అదొక్కటే మేలు. మీ అబ్బ ఆ పొద్దు సేనికి పోయినంత బిరబిరా ఇంగెప్పుడూ పోలా.

మాపటికి జేజి వచ్చె. జేజంటే ఎవురు, మా మామను కన్న తల్లి. నోట్లో ఒక్క పన్ను లేదు, కండ్లు సగమే కనపడేవి, అయినా ఇంట్లో ఆయమ్మ మాటే మాట. మా మామ గట్టు మీద నిలబడి అరిస్తే పక్కూరి ఎద్దులు గూడా నిలబడిపోయేవి. జేజి ముందర ఆయప్పకు గొంతే లేసేది గాదు. ఆ జేజి పగిలిన రోలును తడిమి సూసి, కొత్త కోడలు కాలు పెట్టె, రోలు పగిలె అనె. నేను మీ అబ్బ తట్టు సూస్తి. మీ అబ్బ ఇంటికప్పు తట్టు సూసె. మీ అబ్బ కన్ను మూసేదాకా ఆ మాట మీద దెప్తానే ఉంటిలే.

అప్పట్నుంచి నాకు మొదలాయె తిప్పలు. ఏం నూరల్లన్నా, రుబ్బల్లన్నా, గంగాళం సంకనేసుకోని పక్కింటి ఓబులమ్మ కాడికి పోవల్ల. ఓబులమ్మ రోలు ఇచ్చేది, కాదన్లా. ఇచ్చి పక్కనే నిలబడేది. పాపం, నంద్యాల పిల్లను రోలు లేని ఇంటికిచ్చిరే అని దారిన పొయ్యేటోళ్లందరికీ సెప్పేది. నూరడం అయినాక రుసి సూస్తానని ఒక పిడికెడు తీసుకునేది. ఆయమ్మ పిడికెడు సూసినావా, మన ఇద్దరి సేతులూ అందులో పట్టేవి.

ఈ మాట పోయి పోయి నంద్యాల్లో మా నాయన సెవిలో పడె. మా నాయనకు కోపమొస్తే సామాన్యంగా రాదు. ఆళ్లగడ్డ పొయ్యే బస్సు కండక్టర్‌తో మాట సెప్పి పంపె, ఏమనీ, వచ్చే శుక్రవారం నేనొస్తాండా, ఆ ఇంటి రోట్లో నా బిడ్డ నూరిన ఊరిబిండి నాకు పెడితే సరే, లేదంటే అదే బస్సులో పిల్లను ఎత్తుకపోతా అని. ఊరిబిండంటే తెల్దా, మీరు సెనక్కాయ చట్నీ అంటారే, అదే. కండక్టర్ ఆ మాట మా మామకొక్కనికే సెప్పల్ల. ఆయప్ప బస్సు ఆపి, బస్సంతా ఇనేటట్ల అరిసి సెప్పి పోయె. సిరివెళ్లలో ఎక్కినోళ్లకు గూడా మా ఇంట్లో రోలు లేదని తెలిసిపాయె.

నాకు పొయ్యేది ఇష్టం లేదు. నిజం సెప్తాండా. రోలు పగలగొట్టినోడైనా ఏమైనా, మీ అబ్బను ఇడిసిపెట్టి నేను యాడ ఉండగలను? అట్లని మా నాయన మాట అంటే అంటాడు, ఎనక్కి తీసుకోడు. రాత్రుల్లో నాకు నిద్ర పట్టలా, మీ అబ్బకు గూడా పట్టలా. పక్కన గొడ్లు మాత్రం బాగా పండుకునేవి.

మా మామకు పౌరుషం వచ్చె. ఎద్దుల బ్యారగాడు సూస్తే నోరు మూతపడే రోలు తెస్తా సూడు అని ఆళ్లగడ్డకు పోయె. పోతే పోయినాడు, రోళ్లు సెక్కేటోళ్ల కాడికి పోవల్ల గదా. ఆయప్ప పోయింది దేవుళ్ల బొమ్మలు సెక్కే ఆచారి కాడికి. ఆచారి ఆయుసులో రోలు సెక్కలా. అయినా గుంత తవ్వినాడు, బాగానే తవ్వినాడు. గుండు గూడా సేసినాడు. మళ్లా ఆ సేతులు ఊరికే ఉంటాయా? బోసిగా ఉండాదని సుట్టూ తామర రేకులు సెక్కినాడు. కింద పీఠం పెట్టినాడు. ముందర రెండు సిలకల్ని గూసోబెట్టినాడు. బొమ్మల్ని పంపినట్లే గడ్డి సుట్టి, పైన కొత్త గుడ్డ కప్పి, బండి మీద పంపె.

బండి వచ్చేటప్పటికి జేజి అరుగు మీద కూసోనుండె. సగం సూపుకు ఏం కనపడాల? కొత్త గుడ్డ కప్పుకోని ఎవురో బండి మీద వస్తాండారు. ఆయమ్మ దిగి పోయి గుడ్డ కింద సెయ్యి పెట్టి తడిమె. సేతి ఏళ్లకు తామర రేకులు తగిలె. ఇంగేముంది, రెండు సేతులూ ఎత్తి, సామి మనింటికొచ్చినాడు, కడవ నీళ్లు తేండి, హారతి తేండి అని కేక ఏసె. మా మామ, అమ్మా అది, అని మొదలుపెట్టె. సామి బండి మీద ఉంటే నిటారుగా నిలబడి మాట్లాడ్తావా అనె జేజి. అంత మనిషి మా మామ, దుమ్ములో సాగిలపడి మొక్కె. ఆయప్పే మొక్కితే ఇంగ మేమెంత.

రోలును పడసాలలో తూర్పు తట్టుకు గూసోబెట్టినారు. పసుపు పూసినారు, బొట్లు పెట్టినారు, దీపం పెట్టినారు. గుండుకు గూడా ఒక బొట్టు. పొద్దు గుంకేలోపల ఊరు ఊరంతా వచ్చె. ఓబులమ్మ అందరికంటే ముందొచ్చి టెంకాయ కొట్టి, ఎనుము పాలు ఎక్కువియ్యల్లని మొక్కుకోని పోయె. నాకు ఏడుపు ఒకపక్క, నగు ఒకపక్క. సరేలే, ఇంట్లో దాన్ని ముట్టనీకుంటే ఎప్పటి మాదిరే ఓబులమ్మ రోట్లో నూరుకుంటామని గంగాళం ఎత్తుకోని పోతే, ఆయమ్మ తలుపుకు అడ్డం నిలబడె. ఇంట్లో సామిని పెట్టుకోని నా రోటికాడికి వస్తారా, నాకు పాపం సుట్టుకుంటాది, పో పో అనె. సూడు మరి, రోలు రాకముందు ఊరిబిండి ఉండె, రోలొచ్చినాక ఊరిబిండి లేదు.

మా మామ గుట్టుగా ఆచారిని పిలిపించె, అది రోలే అని నువ్వే వచ్చి మా అమ్మకు సెప్పప్పా అని. ఆచారి వచ్చి పడసాలలో దీపం, పూలు, మొక్కేటోళ్లు, అంతా సూసె. సూసి సెప్పులిడిసి దండం పెట్టె. నేను రోలనే సెక్కినాను, నిజమే, నా సేతుల్లోంచి పోయినాక ఏమాయెనో నాకేం తెలుసు అనె. పోతా పోతా జేజి కాళ్లకు గూడా మొక్కె. మా మామ గోడకు తల ఆనించుకోని శానాసేపు నిలబడె.

గురువారం వచ్చె. తెల్లారితే మా నాయన. నేను జేజికి ఆకువక్క దంచుతాండా. పండ్లు లేవు గదా, ఆకు, వక్క, సున్నం అరిసేతంత ఇనపరోట్లో మెత్తగా దంచి నోట్లో పెట్టల్ల. దంచుతా దంచుతా ఏడిస్తి. జేజి ఆకు నములుతా, నమిలేదేముందిలే, బుగ్గలో తిప్పుతా, ఎందుకే ఏడుస్తావ్ అనె. నాకు ఓర్పు సచ్చిపాయె. అడిగేస్తి.

"జేజీ, నీకు పండ్లు లేవని నేను దంచి పెడ్తాండా. నీ సామికి గూడా నోరే ఉండాది, పండ్లు లేవే. నువ్వు పళ్లెంలో పెట్టేది సీమలు తింటాండాయి. మరి ఆయప్పకు ఎవురు నూరిపెట్టాల?"

జేజి బుగ్గ ఆగిపాయె. లేసి పోయి రోటి గుంతలో సెయ్యి పెట్టి సుట్టూ తడిమె. ఒక్క పన్నన్నా తగుల్తాదేమోనని సూసిందేమో. మళ్లా వచ్చి కూసోని, పాపం, ముసిలోడు, ఇన్ని దినాలు పస్తున్నాడే అని కండ్లనీళ్లు పెట్టుకునె. రేపు తలకు పోసుకోని, మడితో, ఆయప్ప నోట్లోనే నూరు, ఎల్లిగడ్డ ఎయ్యాకు, రుసి సూసి ఎంగిలి సెయ్యాకు అనె. ఎల్లిగడ్డ లేని ఊరిబిండి ఏం ఊరిబిండి, గానీ నాకు అదే పదివేలు.

శుక్రవారం మా నాయన బస్సు దిగి సరాసరి వచ్చె. వస్తానే, యాడ రోలు అనె. జేజి సెప్పులిడిపించి, కాళ్లు కడిగించి, సేతిలో టెంకాయ పెట్టె. మా నాయన టెంకాయను సూసె, రోలును సూసె, దాని ముందర తడిబట్టల్తో కూసోని నూరతాండే నన్ను సూసె. ఇదేందమ్మా అనె. నేను తలెత్తలా. ఎత్తితే నగొచ్చేటట్ల ఉండె. నేను సెనక్కాయలు, మిరక్కాయలు, సింతపండు ఏసి, గల్లుప్పు ఏసి నూరతాండా. నీళ్ల సెంబు కోసం అట్ల తిరిగితి. నేను తిరిగినప్పుడు జేజి, సామికి నా సేత్తో గూడా ఇంత పెడదామని, పిడికెడు ఉప్పు రోట్లో పోసిందంట. నాకు తెల్దు. నోట్లో పెట్టి సూసే దారి లేదాయె. సామికి సూపించినాక అది ప్రసాదం.

విస్తర్లేసినారు. వచ్చిన సుట్టం గదా, మా నాయనకు ముందు పెడితి. ఏడేడి జొన్న సంగటి, నడుమ నెయ్యి, పక్కన ఊరిబిండి. మా నాయన ముద్ద అద్దుకోని మింగె. కండ్లలో నీళ్లు తిరిగె. మా మామ గెలిసినట్ల మీసం మీద సెయ్యేసి, ఎట్లుండాది బావా అనె. ప్రసాదానికి వంక పెట్టేది ఎవురు? సామి శానా గొప్పోడు బావా అని, మా నాయన సెంబుడు నీళ్లు గటగటా తాగె. నేను వాకిలికి ఆనుకోని సూస్తాండా. ఇంగ అయిపాయె, గోనెసంచి సర్దుకునేదే అనుకుంటి. నేను సూస్తాండానని మా నాయన రెండో ముద్ద గూడా అద్దుకునె. మూడోది గూడా. ఎద్దుల సంతలో ఎవురికీ లొంగని మనిషి, నా ఉప్పుకు లొంగె.

అప్పుడు జేజి ఏలితో ఇంత తీసుకోని నాలిక మీద పెట్టుకునె. మొగమంతా ముడుసుకపాయె. కండ్లు యాడ ఉండాయో, నోరు యాడ ఉండాదో తెలీకుంటా ముడుసుకపాయె. సెంబు తెచ్చుకోని పుక్కిలించి ఊసొచ్చి కూసునె.

"పిల్లా, రేపట్నుంచి ఉప్పు సూసి ఎయ్యి. ఎల్లిగడ్డ గూడా ఎయ్యి."

మా అత్త మెల్లగా, మరి ఎంగిలో అత్తా అనె. ముసిలోళ్లకు పెట్టేటప్పుడు రుసి సూసే పెట్టల్ల, ఆయప్ప ఏం అనుకోడు, నాకు తెలుసు ఆయప్ప సంగతి అనె జేజి. మా నాయన అది ఇని నగడం మొదలుపెట్టినాడు సూడు, నెయ్యి గిన్నె దొర్లిపాయె. మా మామ నగె. మీ అబ్బ గూడా నగె, ఆ నగులో ఎవురడిగినారో ఏమో, పాత రోలు నేనే పగలగొట్టినా అనేసె. జేజి సేతికందిన సెంబు ఇసిరె. సగం సూపు గదా, అది మా మామకు తగిలె.

మాపటి బస్సుకు మా నాయన బయల్దేరె. నా గోనెసంచి నేనే తెచ్చి గడపకాడ పెడితి, ఏమంటాడో ఏమోనని. ఆయప్ప దాన్ని కాలితో లోపలికి నెట్టె. నెత్తి మీద సెయ్యి పెట్టి, "పండ్లు సూసి బ్యారం సేసేటోణ్ణి నేను. ఒక్క పన్ను లేని ఆ ముసల్దాన్ని సూసి నిన్ను ఈడ ఇడిసిపోతాండా" అనె. అని ఎనక్కి తిరక్కుండా పోయె. పొయ్యేముందు ఇంగో సెంబుడు నీళ్లు తాగెలే.

అదే ఆ రోలు. పడసాలలోంచి పెరట్లోకి జేజే మార్పించె, ముసిలోనికి గాలాడల్లని. శుక్రవారమైతే బొట్టు, మిగతా దినాలు ఊరిబిండి. జేజి పోయినాక గూడా నేను మానలా. ఎందుకు పెడ్తాండానో నాకే తెల్దు, సామికో, జేజికో.

నువ్వు గూడా రేపు పెండ్లై యాడికో పోతావ్. మిక్సీ ఉంటాది, అన్నీ ఉంటాయి. ఉప్పెక్కువైందని నీ మొగాన్నే సెప్పి, మళ్లా నిన్ను ఇడిసిపెట్టకుండా ఎనకేసుకొచ్చే ముసల్ది ఒకటి ఆ ఇంట్లో ఉండాల, అంతే నేను మొక్కుకునేది. సల్లగా ఉండు నా తల్లీ. అదేందే, సాటలో పొట్టు తప్ప ఏం లేదు? అంతా తినేసినావా? సరే, అటక మీద ఇంగో మూట ఉండాది, దింపు. ఈ పొద్దు నువ్వే నూరు. ఉప్పు మాత్రం...