ఇద్దరి పని

ఆమె ఉద్యోగం పోయిన రోజు అది. రెండు సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకటయ్యాక, ఒక్కరు చేసే పనికి ఇద్దరెందుకన్నారు. ఆమె సొరుగు ఖాళీ చేస్తుంటే పక్క సీటతను వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, కాస్త టీ తాగుదాం రా.”

“ఇప్పుడు గొంతు దిగదులే.”

“తీసేస్తే నన్నే తీసేస్తారనుకున్నాను.”

“నేనూ అదే అనుకున్నాను. కొత్త మేనేజరు నీ గురించి అడిగాడు. మీ ఇంట్లో పసిపిల్ల ఉందంటే వింటాడా? అందుకే నిన్ను ఆకాశానికెత్తాను. నా పని కూడా నువ్వు చేయగలవన్నాను.”

“అలా ఎందుకన్నావక్కా?”

“నిన్ను ఉంచుతారని. ఉంచారుగా. నా నోరే నా కొంప ముంచింది.”

“నీ పని నాకు రాదని వెళ్ళి చెప్పనా?”

“చెప్పు. ఇద్దరం కలిసే ఇంటికెళ్ళొచ్చు.”

అతను సొరుగులో మిగిలినవి తీసి ఆమె సంచిలో పెట్టాడు.

“రేపు సర్వరు పడుకుంటే లేపడం నాకు నిజంగా తెలియదక్కా. వెళ్ళేలోపు కాస్త నేర్పవా?”

“ఈ మాట అడగడానికేనా టీకి పిలిచావు?”

అతను తల దించుకున్నాడు. ఆమె సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ పని అతనికి ఇంకా ఎవరూ నేర్పలేదు.