బ్రిడ్జి ముస్తాబు

వాగు మీద హైవే బ్రిడ్జి. దాని కింద, పిల్లర్ల నీడలో ముగ్గురున్నారు: బ్రిడ్జిలు తనిఖీ చేసే ఇంజనీరమ్మ, ఆ రోడ్డు పనులు చూసే మేస్త్రీ, అతని ముఠాలోనే పనిచేసే అతని భార్య.

"వంక పెట్టండి మేడమ్, చూద్దాం. ఎక్కడైనా ఒక్క వంక పెట్టండి."

"పెడదామనే కదా మేస్త్రీ గారూ పొద్దున్నుంచీ తిరుగుతున్నాను. దొరకడం లేదు."

"దొరకదండీ. దొరక్కుండా చేశాం. మీరొస్తున్నారని కబురు తెలిసిన దగ్గర్నుంచీ నేనూ, మా ఆవిడా, ముఠా అంతా దీన్నే పట్టుకుని వేలాడాం."

"వేలాడింది మేము. ఈయన కింద నిలబడి వేలు చూపించాడు."

"నువ్వూరుకోవే. మేడమ్ నాతో మాట్లాడుతున్నారు."

"ఊరుకున్నా. చెప్పు, చెప్పు."

"ఇదిగోండి, ఈ పిల్లరు. చెయ్యి పెట్టి నిమరండి. పసిపిల్ల బుగ్గలా లేదూ?"

"ఉంది. అదే నా అనుమానం. ఈ బ్రిడ్జి నాకంటే వయసులో పెద్దది. నా మొహం మీదే ఇన్ని మచ్చలున్నాయి, దీనికి ఒక్కటీ లేదు."

"మీకేం మేడమ్, చక్కగా ఉన్నారు."

"ఏమయ్యో, బ్రిడ్జి సంగతి చెప్పు."

"అదే చెబుతున్నా. పైన రెయిలింగుకి రంగు వేశాం. నీళ్లు పోయే గొట్టాల్లో మట్టి తీశాం. స్లాబులో మొలిచిన చెట్టుని వేళ్లతో సహా పీకేశాం."

"స్లాబులో చెట్టు మొలిచిందా?"

"చెట్టంటే చెట్టు కాదు. ఇంత."

"ఇంత కాదమ్మా. ఈయన నడుం దాకా ఉండేది. పిట్ట గూడు కూడా పెట్టింది."

"గూడు జాగ్రత్తగా దించి పక్కన పెట్టాం మేడమ్, పాపం."

"గూడు సంగతి సరే. చెట్టు పీకిన చోట ఏముంది?"

"ఏముంటుంది? చెట్టు లేదు."

"మేస్త్రీ గారూ."

"కొంచెం... సందు ఉంది. సిమెంటు కూరి నున్నగా పూశాం."

"మరి ఈ గర్డరు కింద?"

"అక్కడా కొంచెం పూశాం."

"ఈ పిల్లరు?"

"చుట్టూ పూశాం."

"అసలు మీరు పూయనిది ఏదైనా ఉందా?"

"వాగుంది కదమ్మా."

"నువ్వూరుకోవే అన్నానా!"

"మేస్త్రీ గారూ, ఇలా చూడండి. నేను దేనికి వచ్చానో మీకెవరైనా చెప్పారా?"

"చెప్పకేం? బ్రిడ్జి ఎలా ఉందో చూస్తారు. బాగుంటే మంచి మార్కులు వేస్తారు."

"వేస్తాను. చూసినంతవరకు మంచి మార్కులే పడతాయి."

"విన్నావా? మంచి మార్కులట! వెళ్లి ముఠాకి చెప్పు."

"మంచి మార్కులు వచ్చిన బ్రిడ్జిని ఇంక ఎవరూ ముట్టుకోరు మేస్త్రీ గారూ. మరమ్మతు అంతా తక్కువ మార్కుల వాటికే. ఈ వాగు మీద ఈ ఏడాది ఒక్క బ్రిడ్జినే బాగుచేస్తారు. అన్నిటికంటే అధ్వానంగా ఉన్నదాన్ని."

"ఏమిటీ?"

"ముఠాకి ఇది కూడా చెప్పనా?"

"ఉండవే. మేడమ్, అంటే... పాడైపోయిన దానికేనా మరమ్మతు?"

"జబ్బున్న వాళ్లకే కదా మందు."

"డాక్టరు వస్తున్నాడంటే స్నానం చేయించి, తల దువ్వి కూర్చోబెట్టామే!"

"స్నానం చేయిస్తే ఫర్వాలేదు. దగ్గు వినపడకుండా నోరు కూడా కుట్టేశారు."

"చెప్పానా నీకు? పగుళ్లు అలాగే ఉంచు, చూసేవాళ్లు చూసుకుంటారని చెప్పానా? వింటేనా! పైవాళ్లతో మాట పడాలన్నావు."

"పడలేదా మరి? పోయినసారి వచ్చినాయన గడ్డి పెరిగిందని అందరి ముందూ నన్ను కడిగేశాడా లేదా? గడ్డి చూశాడు, తిట్టాడు, జీపెక్కాడు. తలెత్తి బ్రిడ్జి వైపు చూస్తే ఒట్టు. అప్పట్నుంచీ తనిఖీ అంటే నాకు ముస్తాబే."

"నేను తలెత్తి చూస్తూనే ఉన్నాను. మెడ పట్టేసింది కూడా."

"అయితే ఇందాక నేనన్నవన్నీ మర్చిపోండి మేడమ్. ఈ బ్రిడ్జి అస్సలు బాగాలేదు."

"పసిపిల్ల బుగ్గ అన్నారు."

"ముసలిది మేడమ్. మంచం పట్టిన ముసలిది. లారీ ఎక్కితే మూలుగుతుంది. ఉండండి, అదుగో ఒకటి వస్తోంది... ఆ! విన్నారా?"

"లేదే."

"మూలిగింది మేడమ్! ఏమే, నువ్వు విన్నావు కదా?"

"మూలిగింది నువ్వు."

"మీ మాట నమ్మకం లేక కాదు మేస్త్రీ గారూ. నా కళ్లతో చూసిందే నేను రాయాలి. నా కళ్లకి ఇది నిగనిగలాడుతోంది."

"అలా అనకమ్మా. మా కోడలు బస్సు నడుపుతుంది. రోజూ దీని మీదే. బస్సు నిండా బడిపిల్లలు. ఆ బస్సు దాటే వేళకి ఈయన ఎక్కడున్నా పని వదిలేసి ఇక్కడికొచ్చి నిలబడతాడు. పిల్లరుకి వీపు ఆనించి మరీ. తను ఆపితే ఆగుతుందన్నట్టు."

"అవన్నీ ఎందుకే ఇప్పుడు?"

"నిజం చెప్పడానికి సిగ్గెందుకయ్యా?"

"ఆ సుత్తి ఇలా ఇవ్వండి మేస్త్రీ గారూ. ఇక్కడ కొడతాను, వినండి. ఖంగుమంది. ఇది గట్టిగానే ఉంది. మరి ఇక్కడ?"

"డొల్ల."

"ఇక్కడ?"

"అదీ డొల్లే. అలా తట్టితే ఏం లాభం మేడమ్, గట్టిగా కొట్టండి! ఇటివ్వండి, నేను కొడతా. ఎంత ముద్దుగా పూశానే నిన్ను... రాలు! రాలి చావు!"

"నెమ్మది, నెమ్మది! కళ్లలో పడుతుంది."

"చూశారా? లోపల చూశారా?"

"అయ్య బాబోయ్. ఇనుమంతా బయటపడిపోయింది. తుప్పు పట్టి ఉబ్బింది కూడా. నా చెయ్యి లోపలికి పోతోంది!"

"చెయ్యేమిటమ్మా, అందులో తొండ పిల్లాపాపలతో ఉండేది."

"ఫొటో తీయాలి, కాస్త జరగండి. నవ్వకండి మేస్త్రీ గారూ. ఇది నవ్వాల్సిన ఫొటో కాదు."

"ఆనందం ఆగడం లేదు మేడమ్. ఇప్పుడు మార్కులెన్ని?"

"అడగకండి. సున్నాకి దగ్గర్లో ఉన్నారు."

"బతికించారు! ఆ పక్క పిల్లరు కూడా కొట్టనా? ఇంకా తగ్గుతాయి."

"అక్కర్లేదు. ఇది చాలు. ఈ ఏడు మరమ్మతు మీదే అనుకోండి. మీకు పోటీ అంటూ ఉన్నది ఎగువ బ్రిడ్జి ఒక్కటే. దాన్ని నిన్ననే చూసొచ్చాను. దివ్యంగా ఉంది."

"ఎగువ బ్రిడ్జా?"

"అవును. అక్కడ మీసాల మేస్త్రీ ఒకాయన దగ్గరుండి చూపించాడు."

"మా వియ్యంకుడేనమ్మా. మా కోడలికి కన్నతండ్రి."

"అలాగా! పెద్దాయన భలే చూసుకుంటున్నాడు. ఒక్క పగులు లేదు."

"లే... లేదూ?"

"లేదు. మంచి మార్కులు వేసేశాను. ఏమిటి, దగ్గుతున్నారు?"

"దుమ్ము మేడమ్. సిమెంటు దుమ్ము."

"కాసిని నీళ్లు తాగండి. నేను అటెళ్లి ఫోన్ చేసుకుని వస్తాను, ఇక్కడ మాట సరిగ్గా వినపడదు."

"ఏమయ్యో. ఇటు తిరుగు. నా మొహం చూడు."

"దుమ్మే అన్నానా."

"ఎగువ బ్రిడ్జికి పగులు లేకపోవడమేమిటి? దాని పగుళ్లలో గబ్బిలాలు తిరుగుతాయి. మొన్న వియ్యంకుణ్ని పలకరించి వస్తానని, తాపీ చంకలో పెట్టుకుని వెళ్లావు. పలకరించడానికి తాపీ ఎందుకయ్యా?"

"మెల్లగా మాట్లాడు. పిల్లనిచ్చినవాడు సాయం అడిగితే కాదంటానా?"

"మరి ఆ మాట మేడమ్‌తో చెప్పవేం?"

"చెబితే మనకొచ్చింది అటు పోతుంది! ఆలోచించు. కోడలు రోజూ దాటేది మన బ్రిడ్జినా, ఆయన బ్రిడ్జినా? మనదే. బస్సు అటు పోనే పోదు. ముందు మనది బాగుపడనీ. వచ్చే ఏడు ఆయన దగ్గరికెళ్లి నేనే సుత్తి పట్టుకుని కొడతా. అప్పటిదాకా నీ నోటికి దణ్ణం పెడతా."

"మా బ్రిడ్జి సంగతి ఎందుకు దాచారని వియ్యపురాలు నన్ను అడిగితే?"

"దుమ్ము అను. అదుగో, వస్తున్నారు."

"ఏం మేస్త్రీ గారూ, దగ్గు తగ్గిందా? ఇంక మీరు పిల్లరుకి వీపు ఆనించాల్సిన పనిలేదు. మరమ్మతు మొదలయ్యేదాకా ఎదురుచూడాలంటే నాకే భయమేసింది. అందుకే మా ఆఫీసుకి చెప్పేశాను. ఈ క్షణం నుంచీ దీని మీద బస్సులూ, లారీలూ బంద్."

"మంచి పని చేశారు మేడమ్. మా కోడలి బస్సు కూడానా?"

"అన్నీ."

"చల్లగా ఉండండి. మరి ఆ బస్సులు... ఎటు పోతాయి?"

"ఎటేమిటి? ఎగువ బ్రిడ్జి మీదుగా. ఈపాటికి అటు మళ్లించేసి ఉంటారు. బడి వదిలే వేళ కూడా అయింది కదా."

"ఏమయ్యో, నువ్వు చెబుతావా? నన్ను చెప్పమంటావా?"

"మేడమ్... మేడమ్, ఆ ఫోన్ మళ్లీ తీయండి. బస్సులన్నీ ఇటే పంపమనండి. దీనికి ఒక్క పూత సరిపోయింది. అక్కడ వియ్యంకుడూ నేనూ కలిసి మూడు పూతలు పూశాం!"