రిబ్బను అంచు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక వెడల్పాటి శాటిన్ రోలు, బడిలో కుట్టుపని నేర్పే మా అక్క ఇప్పించిన తల రిబ్బన్ల ఆర్డరు. కోసిన రిబ్బన్లు అక్కకు పంపిన కొన్నాళ్లకు వాళ్లింటికి వెళ్లాను.

“వేడి బ్లేడుతోనే కోశావా?”

“ఆలస్యమవుతుందని రోలు విప్పకుండానే రంపంతో ముక్కలు చేసేశానక్కా.”

“దోసకాయనుకున్నావట్రా? వేడి తగిలితేనే అంచు కరిగి పోగులు ఊడకుండా ఉండేది!”

“అయ్యో! హెడ్మాస్టరు గారు చూశారా?”

“చూడనిస్తానా? ఒక్కో అంచూ కొవ్వొత్తి మంట మీద పట్టి సరిచేశాకే ఇచ్చాను.”

“అన్నిటికీనా? వేళ్లకు ఆ బొబ్బలు...”

“తగ్గిపోతాయిలే. పనితనం బాగుందని నిన్ను తెగ మెచ్చుకున్నారు. వచ్చే ఏడూ నీకేనట. కూర్చో, టీ తెస్తాను.”

లాభం లెక్క చూస్తే, వచ్చే ఏటి ఆర్డరు దక్కింది. వేళ్లు వంగక అక్క గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చింది. అందుకోవడానికి నాకు చేతులు రాలేదు.