హారన్‌కి పెట్టిన ఫ్యూజు

మిట్టమధ్యాహ్నం. బానెట్ తెరిచిన టాక్సీకి అటొకరూ ఇటొకరూ, మొగుడూ పెళ్లామూ.

“మీ తమ్ముడు మెకానిక్కా, మట్టిబుర్రా? గ్యాస్ నింపితే ఏసీ చల్లబడుతుందన్నాడు. రెండు డబ్బాలు ఎక్కించాను. కంప్రెసర్ కాస్తా బిగుసుకుపోయింది.”

“వాడు ఒక్క డబ్బానే అన్నాడు. అదీ ముందున్న ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూశాకే అన్నాడు. చూశారా?”

“నాకు నేర్పకు.”

“చూశారా అంటే?”

“ఇప్పుడు చూశాను. తిరగట్లేదు, ఆ వేడికే బిగుసుకుంది. దాని ఫ్యూజు లేదు.”

“ఎవరు పీకారు?”

“నేనే. చలికాలంలో హారన్ మూగబోతే తీసి దానికి పెట్టాను. మళ్లీ కొనడం మర్చిపోయాను.”

“మరి వాణ్ణెందుకు ఆడిపోసుకుంటారు?”

“ఇంకెవర్ని తిట్టుకోనే?”

“సాయంత్రం హోటల్ వాళ్లు నెల కిరాయికి బండి చూడ్డానికొస్తారుగా?”

“ఏసీ లేకపోతే వద్దన్నారు. కొత్త కంప్రెసర్ మన వల్ల కాదు.”

“అయితే ఆ కిరాయి?”

“పోయినట్టే. నెలకి ఇరవయ్యారు వేల నాలుగొందలు.”