నలభై ఏడో నంబరు సీసా

1964 ఎండాకాలం. కరీంనగర్‌లో ఆసుపత్రిని ఆనుకుని, కాలేయ వ్యాధుల మీద పరిశోధన చేసే ఒక చిన్న ఆఫీసు. రోగుల కడుపులోంచి తీసిన రాళ్లను సీసాల్లో దాచే గదికి లక్ష్మీరాజం బాధ్యుడు. అతని ఎదురుగా కూర్చున్నది బోథ్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతు ఇస్తారి.

"ఇయ్యరాదని చెప్తున్న గదా ఇస్తారీ. పొద్దుగాల అడిగినా గదే మాట, ఇప్పుడడిగినా గదే మాట."

"అన్నీ అడుగుతలేను సార్. ఒక్కటి. మా సక్కుబాయి కడుపుల పుట్టిన రాయి మాకే ఇయ్యరాదా?"

"కడుపుల ఉన్నన్నొద్దులు మీ సక్కుబాయివి. డాక్టర్ సాబ్ కోసి తీసినంక సర్కారువి. గిదో, రిజిస్టర్ల చూడు. నలభై ఏడో నంబరు, ఇరవై రెండు రాళ్లు. పేరు గూడ లేదు."

"పేరెందుకు తీసేసిండ్రు?"

"పరిశోధనల పేర్లుండయి, నంబర్లే ఉంటయి. అది సరే, గా గోనెసంచి ఎందుకు తెచ్చినవ్?"

"రాయి మోసుకపోదామని."

"ఒక్కొక్కటి శెనగ గింజంత ఉంటదయ్యా. ఇరవై రెండూ దోసిట్ల పడ్తయి."

"గంతేనా? ఇరవై రెండు రాళ్లంటె అరుగు కట్టుకోవచ్చన్నరు మా ఊళ్లె."

"గా చిన్నవే మనిషిని నిలువనియ్యవు. మేకను కోసినప్పుడు కార్జం కింద చేదు తిత్తి ఉంటది చూడు, పగలకుంట తీసి పారేస్తరు. గసొంటిదే మనిషికీ ఉంటది. దాంట్ల చేదు గడ్డకట్టి రాయైతది. అది పోయి దారికి అడ్డం పడ్డదంటె..."

"కుడిపక్క పొడుస్తది. ఈపుల నుంచి భుజం దాంక పాకుతది. తిన్నంక ఇంకింత ఎక్కువైతది."

"నీకు మంచిగనే తెలుసు."

"ఆరేండ్లు చెప్పింది గద సార్. ఇన్న. ఇన్న గానీ..."

"గానీ?"

"ఏం లేదు. ఇంతకు ఆ రాళ్లను మీరేం జేస్తరు?"

"కొన్నింటిని పొడి గొట్టి, అండ్ల సున్నమెంత, కొవ్వెంత అని చూస్తరు."

"పొడి గొట్టెటప్పుడు మమ్మల్ని పిలువద్దా?"

"నలభై ఏడును ఇంకా ముట్టుకోలే, ఫికర్ చెయ్యకు. ఆడోళ్లకే ఎందుకు ఎక్కువొస్తున్నయి, తాగే నీళ్లా, తినే తిండా అని డాక్టర్ సాబ్ నాలుగేండ్ల సంది పట్టుకున్నడు. యాభై మూడు సీసాలైనయి."

"ఏం తేలింది?"

"ఇంకిన్ని రాళ్లు గావాలని తేలింది."

"అయితె బదులిస్త సార్. మా చెల్కల రాళ్లకు తక్కువ లేదు. ఒకటికి పది ఏరి తెస్త. శెనగ గింజంతవే తెస్త."

"చెల్క రాళ్లను చూస్తె కార్జం సంగతి ఏం తెలుస్తదయ్యా?"

"మా సడ్డకునికి గూడ కడుపునొప్పి ఉన్నది. భారీ మనిషి. రాళ్లు గూడ పెద్దగనే ఉంటయి. తోల్కొస్త, కోసుకోండ్రి."

"ఆయన ఒప్పుకున్నడా?"

"మీరు ఒప్పుకున్నంక ఆయన్ను అడుగుదామని."

"ఇగో ఇస్తారీ, డాక్టర్ సాబ్ ఢిల్లీల పెద్ద సభకు పోయిండు. నలభై ఏడుల ఇరవై రెండని రాసుకపోయిండు. ఆయన అక్కడ ఇరవై రెండని చదివేటాళ్లకు ఇక్కడ ఇరవై ఒకటుంటె నా గతేంది? సక్కగ చెప్పు. నొప్పి పోయింది, మనిషి బతికింది. ఇగ రాయితోటి నీకేం పని?"

"నమ్మనోళ్లకు చూపెట్టాలె."

"ఎవలు నమ్మలే?"

"ఎవలు నమ్మిండ్రని అడుగుండ్రి సార్. పత్తి ఏరుకుంట ఏరుకుంట కుడిపక్క పట్టుకొని సాలు నడుమ కూలవడేది. పని ఎగవెట్టనీకె నాటకమన్నరు. పెండ్లిల గారెలు తిన్ననాడు చాప మీద పొర్లింది. తిండికి ఆగలేదన్నరు. భయపడి తినుడు బంద్ జేసింది. అలిగిందన్నరు. మా అవ్వయితె, కలుపు తియ్యమన్ననాడే నీకు నొప్పెట్ల యాదికొస్తది బిడ్డా అని నలుగుట్ల అడిగేది. ఒకపారి కండ్లు పచ్చగైనయి. పసిరికలని ఆకుపసరు పోసిండ్రు. తగ్గలేదని వాతలు పెట్టిచ్చిండ్రు. మూడు వాతలు, కుడిపక్కన."

"ఊకున్నదా?"

"ఎట్ల ఊకుంటది? చేతులు పట్టుకోవాల్సొచ్చింది."

"ఎవలు పట్టుకున్నరు?"

"ఇంట్లోళ్లె. పట్టుకుంటరు గద, ఎవలో ఒకలు. గదంత ఇడిసిపెట్టుండ్రి. పోయిన కార్తీకంల నేను పత్తి బండి తోలుకొని భైంసాకు పోయిన. నేను లేనప్పుడు వాళ్లన్న వచ్చిండు. చెల్లె ఎముకల గూడు లెక్క ఉన్నది. ఎవ్వల్నీ అడుగకుంట బస్సెక్కిచ్చి తెచ్చి మీ డాక్టర్ సాబ్ చేతుల వెట్టిండు. నాకు తెలిసి ఉరికొచ్చేటాళ్లకు కోసుడైంది, కుట్లేసుడైంది, రాళ్లు సీసాలకు పోయినయి. గీ గదికి తాళం ఉండె."

"తాళం తియ్యమని ఆనాడే అడుగరాదు?"

"చూస్తనని అడిగితె, నమ్ముతలేనని అనుకుంటదని అడుగలే."

"సరే, ఒక పని జేస్త. ఇరవై రెండు రాళ్లు తీసినమని కాయితం రాసి సర్కారు ముద్ర గుద్దిస్త. ఊరంత నమ్ముతది."

"ఆయనకు చదువు రాదు సార్."

"ఎవలకు?"

"నమ్మనోళ్లకు. ఊరు ఎప్పుడో నమ్మింది. మా అవ్వ గూడ కుట్లు చూసి, తప్పయిందని కోడలి కాళ్లు పట్టింది. ఒక్కడు మిగిలిండు."

"కోసిన కడుపును చూసి గూడ నమ్మలేదా?"

"కోసిండ్రని నమ్మిండు. రాళ్లున్నయని నమ్మలే. దవాఖానోళ్లు గోదారొడ్డుకు పోయి నాలుగు రాళ్లు ఏరుకొచ్చి పెట్టుకుంటరు, వచ్చినోళ్లకల్ల అవ్వే చూపెడ్తరు అన్నడు. సక్కుబాయి ఇనంగనే అన్నడు. అది పొయ్యి మీది జొన్నరొట్టె దించి, మూట గట్టుకొని వాళ్లన్న ఇంటికి పోయింది. ఐదు నెల్లాయె."

"తోల్కరానీకె పోలేదా?"

"పెద్దమనుషులను పంపిన. వాళ్లతోటి చెప్పి పంపింది. నొప్పికి నేను ఏడుస్తలేను, వాతలకు ఏడుస్తలేను, ఆరేండ్లు నేను అబద్ధం ఆడిన్నా లేదా, గది తేలాలె, గా మనిషి కండ్లార చూసి నా ముంగట చెప్పాలె అన్నది."

"మంచిగ అడిగింది."

"మంచిగనే అడిగింది సార్. అందుకే ఒక్క రాయి..."

"రాయి గడప దాటితె నా నౌకరి పోతది. గానీ ఒక మాట. రాయి బయటికి పోవద్దని రాసున్నది, మనిషి లోపటికి రావద్దని యాడా రాసిలేదు. గా నమ్మనాయన్నే ఇక్కడికి తోల్కరా. సీసా దించి, రాయి తీసి చేతిల పెడ్త. గోదారొడ్డు రాయి బరువుంటది. ఇది బెండు లెక్క ఉంటది. పట్టుకుంటెనే తెలుస్తది."

"చేతిల పెడ్తరా?"

"పెడ్త. తోల్కరా."

"ఆయనకు జర కష్టం సార్."

"ఏం కష్టం?"

"చూసినంక ఒప్పుకోవాలె గద."

"ఆరేండ్లు కష్టపడ్డది ఆమె. గడియసేపు ఆయన పడ్తె ఏమైతది? ఇంతకు, పొద్దున్నుంచి బయట బల్ల మీద ఒక ఆడామె కూసున్నది. నువ్వేమో కిటికీల నుంచి ఊకె అటే చూస్తున్నవ్. ఎవలామె?"

"సక్కుబాయే. ఇయ్యాల రాళ్ల కాడికి పోతున్నమని కబురు పంపితె వాళ్లన్నతోటి వచ్చింది. నిర్మల్‌ల అందరం ఒకటే బస్సు ఎక్కినం. ముంగట కూసున్నది. దారి పొడుగునా యెనుకకు తిరిగి చూడలే."

"మరింకేంది? ఆమె వచ్చింది, నువ్వొచ్చినవ్. గా మనిషి ఒక్కడొస్తె పనైపోతది. యాడున్నడో చెప్పు, నేనే మనిషిని పంపుత."

"పంపుడెందుకు సార్. మీ ముంగటనే కూసున్నడు. నేను పోయి దాన్ని లోపటికి పిలుస్త, మీరు సీసా దించుండ్రి."