ఆలస్యంగా ఆరిన వెలుగు

ప్రయోగశాలలో మైక్రోస్కోపు ముందు ఇద్దరు పరిశోధకురాళ్లు. ఫలితాలు చూడటానికి మేడం వచ్చే వేళయింది.

“అక్కా, ఇవి షుగరు తగలని గుండె కణాలు. మెరిసే రంగు ఎక్కించాను కదా, కాల్షియం రాగానే వెలగాలి, అది తిరిగి కణంలోని గోదాంలోకి వెళ్లగానే ఆరిపోవాలి. చూడు, ఎంతకీ ఆరడం లేదు.”

“మనం షుగరులో పెంచిన కణాల్లాగే ఇవీ నీరసించాయన్నమాట. సదస్సులో మాట్లాడేది నువ్వేగా, అక్కడ అదే చెప్పు.”

“రెండు రకాలూ ఒకేలా ఉంటే ఇక చెప్పడానికేముంది? నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.”

“ఏళ్ల తరబడి ఈ కుర్చీ అరగదీసింది నేను. నిన్నగాక మొన్న వచ్చిన నీకు మేడం పిలిచి పీట వేశారు. పొద్దున తొందరలో నువ్వే చక్కెర ద్రవం పోసుంటావు.”

“పొద్దున పోస్తే ఇంతలోనే ఇలా కావక్కా. కాల్షియాన్ని వెనక్కి లాగే పంపులు మందగించాలంటే రోజుల తరబడి చక్కెరలో నానాలి.”

“అయితే?”

“అవి నానిన రోజుల్లో నేను జ్వరంతో ఇంట్లో పడున్నాను. ‘నీ కణాల ఆలనాపాలనా నేను చూసుకుంటాలే’ అని ఫోన్ చేసిందెవరు?”

“మెల్లగా మాట్లాడు. మేడం వస్తున్నారు.”

“రానీ. మేడం, మంచి కణాలకు చక్కెర పట్టింది అక్కే.”