అమ్మ పంపిన జెముడు

"అమ్మమ్మా, గీ చెట్టు చూడు. దినాం నీళ్లు పోస్తనే ఉన్న, కిందికెల్లి మెత్తగ అయితుంది. ఎందుకట్ల?"

ఏదీ, ఇటు తే. జర వెలుతురుకు పట్టు, నా కండ్లకు ఆనది. ఓయమ్మ, జెముడు! ఎన్నేండ్లాయె దీన్ని చూడక. దినాం పోసినవా? దినాం పోస్తే చస్తది బిడ్డ. నేను గూడ గట్లనే చేసిన. అయితె నేను అప్పుడు ఏడెనిమిదేండ్ల పిల్లను, నాకు మాఫ్ ఉంది. గంత చదివినవ్, నీకేమైంది?

సరె, కూసో. గాడ కుర్చీల కూసుంటవా, కూసో. గా ఫోన్ల నా మాటలు పడ్తున్నయా? పడనియ్యి.

గది రజాకార్ల గడబిడ అయిపోయినంక, రెండేండ్లకో మూడేండ్లకో. మేము తాండూర్ల ఉంటుంటిమి. మాకు కొన్ని గొర్లుండె, వాటిని మా తాత కాస్తుండె... కాదు కాదు, తాత అప్పటికే లేడు, మా నాయినమ్మనే చూస్తుండె. మా నాయిన బండల గనికి పోతుండె. మీ ఇండ్లల్ల కింద పరుస్తరు చూడు, గా తాండూరు బండనే. పొద్దుమీకి ఇంటికొస్తె మనిషి మొత్తం తెల్లగ దుమ్ము, కండ్లు ఒక్కటే కనవడ్తుండె.

మా అమ్మకు దగ్గు పట్టుకుంది. ఏదో చలికి వచ్చిందనుకున్నరు. ఒకదినం చాటల జొన్నలు చెరుగుకుంట చెరుగుకుంట దగ్గితె, జొన్నల మీద నెత్తురు పడ్డది. గా చాట నాకు ఇప్పటికి కండ్లల్ల ఉంటది. ఇగ వికారబాదు గుట్ట మీద టీబీ దవఖానల షరీక్ చేసి ఆడనే ఉంచిండ్రు. పిల్లలను లోపటికి రానియ్యరు. నాయిన ఒక్కడే నెలకోసారి ప్యాసింజర్ ఎక్కి పోయి చూసి వస్తుండె. రైలు కిరాయి అణాలల్లనే, అయితె గా అణాలే మస్తు అప్పుడు. నేను ఏడ్చి ఏడ్చి ఒక్కసారి ఎంబడి పోయిన. నన్ను టేషన్ కాడ తెలిసినామె దగ్గర కూసోబెట్టి ఆయన పైకి పోయిండు. గుట్ట కనవడ్తుంది, చెట్లు కనవడ్తున్నయి. అమ్మ మటుకు కనవడలె. నేను గా గుట్ట దిక్కు చెయ్యి ఊపుకుంట కూసున్న, పిచ్చిదాని లెక్క. ఆమెకేం తెలుస్తది, నేను కింద ఉన్నట్టు?

ఆ యాళ్లనే నాయిన గుట్ట మీదికెల్లి ఒక పాలపిండి డబ్బ తెచ్చిండు. దాంట్ల గిసొంటిదే జెముడు. ఉల్లిగడ్డంత ఉంటదేమో, గుండ్రంగ, తెల్లటి ముండ్లు. ఆడ నర్సమ్మ ఒకామె కిటికీల పెంచుతుండెనట, అమ్మ అడిగి తీస్కుందట. "గిది నేనే అనుకొని చూసుకో బిడ్డ" అని చెప్పి పంపింది. నీళ్లు పదిహేను దినాలకోసారి, అవి గూడ జరన్ని అని చెప్పింది.

నాయినమ్మ ఊకుంటదా? ఆమెది బార్డర్ అవతల ఊరు, కోపమొస్తె కన్నడం వస్తుండె. "బ్యాడ బ్యాడ, వద్దంటె వద్దు! చేను గట్టుకు పెట్టే జెముడును ఇంట్ల పెట్టుకుంటరా ఎవలన్న? ముండ్ల చెట్టు ఇంట్లుంటె కొట్లాటలైతయి" అని ఒర్లింది. నేను డబ్బను కడుపుకు పట్టుకొని ఇయ్యలె. కిటికీల బండ మీద పెట్టుకున్న.

ఇగ నా తెలివి చూడు. గిదే అమ్మ అని చెప్పినంక పదిహేను దినాలు నీళ్లియ్యక దూపకు ఎట్లుంచుత? పొద్దుగాల నాయినమ్మ తులసి గద్దెకు నీళ్లు పోస్తుండె, ఆమె ఎనుక నేను పోయి చెంబుల మిగిలిన నీళ్లు దీనికి పోస్తుంటి. దినాం. వాన పడ్డ దినం గూడ. పోసినంక వేలు పెట్టి ముట్టుకుంటుంటి. చురుక్కున ముల్లు గుచ్చుతుండె. నవ్వకు, నాకు అమ్మ ముట్టినట్టే ఉంటుండె.

నెల అయిందో లేదో, కింద నల్లగయి, కుళ్లిన వంకాయ లెక్క మెత్తబడ్డది. వాసన. చెట్టు పోతుందంటె ఆడ అమ్మ పోతుందన్నట్టే గదా! నేనే నీళ్లు పోసి పోసి అమ్మను చంపిన అనుకున్న. డబ్బను గొంగడి కింద దాచిపెట్టిన. రెండు దినాలు బువ్వ తినలె.

నాయినమ్మ గొంగడి దులుపుతుంటె దొరికింది. కొడ్తదనుకున్న. కొట్టలె. గొర్రెకు గిట్ట కుళ్లితె ఏం చేస్తుండె ఆమె? కుళ్లిన దగ్గరికి కోసి, బూడిద అద్ది, తడి తగలకుండ బండ మీద కట్టేస్తుండె. గట్లనే ఉన్ని కత్తిరించే కత్తెర తెచ్చి, కింది కుళ్లు మొత్తం కోసి పారేసింది. పొయ్యిల బూడిద అద్దింది. ఇగ మిగిలిన బుర్రకు ఉన్ని దారం కట్టి, నిమ్మకాయ, మిరపకాయలతోని కలిపి దర్వాజకు తలకిందులు ఏలాడగట్టింది. "నా కోడలికి తగిలిన దిష్టి అంత దీనికే పోవాలె" అన్నది. చెట్టు బతకాలని కాదు, దిష్టికి. నేను దర్వాజ కింద పడి ఏడ్చిన, మా అమ్మను తలకిందులు కట్టినవని.

గట్లనే ఉండె నెలో, నెలన్నరో. నీళ్లు లేవు, మట్టి లేదు. నిమ్మకాయ ఎండి రాయి అయింది. ఒకదినం సున్నం ఏస్తందుకు నాయిన దాన్ని విప్పిండు. కోసిన కాడ ఏమున్నయి? తెల్లటి వేర్లు! దారం పోగులంత సన్నగ, గాలిల బయటికి వచ్చినయి. నాయినమ్మ గూడ నోరు తెరిసింది. ఆమె కండ్లల్ల నీళ్లు అప్పుడే చూసిన నేను. నాయిన బండలు చెక్కేకాడ రాలిన పెచ్చులు తెచ్చి, వాగు ఇసుకల కలిపి, గదే డబ్బల నాటిండు. "ఇగ గా చెంబు నాకియ్యి" అన్నది నాయినమ్మ. ఇచ్చిన.

మల్ల ఏడాది దాటినంక అమ్మ ఇంటికొచ్చింది. అవును, నిజంగనే వచ్చింది. వాకిట్ల నిలబడ్డది, సన్నగ. నేను డబ్బ పట్టుకొని ఉరికిన. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని, చెయ్యి పొడుగ్గ చాపి డబ్బ ఒక్కటే తీస్కుంది. "మంచిగ చూసుకున్నవ్ బిడ్డ" అన్నది. ఇంకో అడుగు ముందుకు రాలె.

డాక్టర్ నయమైందన్నడు, పిల్లలను దగ్గరికి తీసుకోవచ్చన్నడు. అమ్మకు నమ్మకం లేదు. తన గిన్నె వేరె, తన చాప వేరె, పండుకునుడు అరుగు మీద. మల్ల ఎన్నడు నా నెత్తికి నూనె పెట్టలె. నా పెండ్లిల అప్పగింతలప్పుడు అందరు నన్ను పట్టుకొని ఏడుస్తుంటె, ఆమె దర్వాజ కాడనే నిలబడ్డది. అత్తగారింటికి, కొడంగల్‌కు తీస్కపొమ్మని గా జెముడుకు పుట్టిన ఒక పిల్ల మొక్కను చిన్న డబ్బల పెట్టి, బండి మీద నా పక్కన పెట్టి ఎనుకకు జరిగింది.

నాకోసమే ఎనుకకు జరిగిందని తెలుసు. నన్ను కాపాడుకుందని తెలుసు. గాని నాకు ఆమె కావాలె బిడ్డ. రోగం వస్తె రానీ, ఒక్కసారి ఒళ్లెకు తీస్కుంటె ఏమయ్యేది? ఇంత ముసలిదాన్నయిన, ఇంకా గదే అడుగుత.

సరె, నీది ఇంకా బతుకుతది, ఫికర్ వద్దు. కుళ్లింది కోసేద్దం, బూడిద అద్దుదం. మీ ఇంట్ల పొయ్యి యాడిది, ఊద్‌బత్తి బూడిదన్న సరే. నెల దినాలు చెంబు ముట్టకు.

అది అటు పెట్టు. ఫోన్ గూడ పెట్టు. గంత దూరం కూసున్నవేంది, కుర్చీ ఇడిసి ఇటు రా. ఇంకా జరుగు. ఆఁ, గిట్ల... తలకాయ పెట్టు నా ఒళ్లె. సల్లగుండు బిడ్డ. నీ చెయ్యి ఎప్పటికి నీవాళ్లకు అందేటంత దగ్గరనే ఉండాలె... నెత్తి గింత ఎండిపోయిందేంది నీకు, నూనె పెడ్తలేవా...